రాబర్ట్ మానింగ్

రాబర్ట్ మానింగ్ (1816 - 1897) ఐర్లండుకు చెందిన సివిల్ ఇంజనీరు. నదులలోను, కాలువలలోను ప్రవహించే నీటి వేగాన్ని అంచనా వేయడానికి ఉపయోగించే "మానింగ్ సూత్రం" ఈయన పేరు మీదనే ప్రసిద్ధి చెందింది. ప్రపంచంలో సాగునీటి కాలువలు, మురుగు కాలువలు, వరద గట్లు, వంతెనలు రూపొందించే ఇంజనీర్లలో ఈ సూత్రాన్ని ఎన్నడూ వాడనివారు అరుదు. ఈయన ఇంజనీరింగు కళాశాలలో గాని, ద్రవగతిశాస్త్రంలో గాని విధివిధానంగా శిక్షణ పొందలేదు. తన పేరుతో నేడు చలామణీ అవుతున్న సూత్రాన్ని ఆయనే పూర్తిగా ఆమోదించలేదు. నదీ ప్రవాహాన్ని లెక్కించడంలో ఉన్న అనిశ్చితిని ఆయన దాచిపెట్టక, దానినే తన పరిశోధనకు ప్రారంభ స్థానంగా తీసుకొన్నాడు.

బాల్యం

మానింగ్ 1816లో ఫ్రాన్సు దేశంలోని నార్మండీ ప్రాంతంలో జన్మించాడు. అంతకు ముందు సంవత్సరం జరిగిన వాటర్లూ యుద్ధంలో ఆయన తండ్రి పాల్గొన్నాడు. 1826లో, పదేళ్ళ వయసులో, మానింగ్ ఐర్లండులోని వాటర్‌ఫర్డు పట్టణానికి చేరాడు. పెద్దవాడైన తరువాత అక్కడ లెక్కలు వ్రాసే గుమాస్తాగా పనిచేశాడు. ముప్ఫై ఏళ్ళ వయసు వచ్చే వరకు ఆయన జీవితంలో నదులకు గాని, కాలువలకు గాని చెప్పుకోదగిన స్థానం లేదు.

కరువు కాలంలో ఉద్యోగం

1845 నుండి ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులు సోకి నాశనమయింది. దానిపైనే ఆధారపడిన పేదలు లక్షల సంఖ్యలో మరణించారు. మరెందరో దేశం విడిచి వలస పోయారు. ఈ మహా క్షామం సాగుతున్న 1846లో మానింగ్ ఐర్లండు ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ కార్యాలయంలో మురుగు నీటి పారుదల విభాగంలో చేరాడు. మొదట పటాలు గీసే పని చేశాడు. అదే సంవత్సరం శామ్యూల్ రాబర్ట్స్ అనే ఇంజనీరుకు సహాయకుడుగా నియమితుడయ్యాడు. 1848లో జిల్లా ఇంజనీరు పదవి లభించింది. 1855 వరకు ఆ పదవిలో కొనసాగాడు.

ఆ విభాగం చేపట్టిన ప్రధానమైన పని నదులను లోతు చేసి, వెడల్పు చేసి, వాటి పక్కన నీట మునిగి ఉండే భూములను సాగులోకి తీసుకురావడం. ఈ పనిలో ఇంజనీరుకు ప్రతి చోటా ఒకే ప్రశ్న ఎదురయ్యేది. వరద వచ్చినపుడు ఈ నదిలో ఎంత నీరు వస్తుంది? ఆ నీరు పోవాలంటే కాలువను ఎంత వెడల్పు, ఎంత లోతు త్రవ్వాలి? తక్కువ త్రవ్వితే పొలాలు మళ్ళీ మునుగుతాయి. ఎక్కువ త్రవ్వితే డబ్బు వృథా అవుతుంది.

మానింగ్ జిల్లా ఇంజనీరుగా ఉన్న రోజులలోనే ద్రవగతిశాస్త్రాన్ని స్వయంకృషితో అభ్యసించాడు. ఫ్రెంచి రచయిత డాబుయిస్సాన్ ద్రవగతిశాస్త్రంపై వ్రాసిన గ్రంథం చదివిన తరువాత ఈ శాస్త్రంపై ఆయనకు గాఢమైన ఆసక్తి కలిగింది.

డౌన్‌షైర్ సంస్థానంలో

1855 నుండి 1869 వరకు మానింగ్ డౌన్‌షైర్ మార్క్విస్ వద్ద ఇంజనీరుగా పనిచేశాడు. ఈ కాలంలో డండ్రం అఖాతంలో ఓడరేవు నిర్మాణాన్ని పర్యవేక్షించాడు. బెల్‌ఫాస్టు నగరానికి మంచినీటి సరఫరా పథకం రూపొందించాడు.

నగరానికి నీరు ఇవ్వాలంటే ముందు కొండల మీద కురిసిన వానలో ఎంత భాగం వాగులలోకి చేరుతుందో తెలియాలి. ఇందుకోసం కారిక్‌ఫెర్గస్ దగ్గర ఉన్న వుడ్‌బర్న్ ప్రాంతంలో వర్షపాతాన్ని, వాగుల ప్రవాహాన్ని ఆయన వరుసగా నమోదు చేశాడు. ఆ ఫలితాలను 1866లో లండనులోని సివిల్ ఇంజనీర్ల సంస్థ ప్రచురించింది. సూత్రాలపై వ్రాయడానికి చాలా ముందే ఆయన వాగుల దగ్గర కొలతలు తీసుకొన్న మనిషి అని దీనివల్ల తెలుస్తున్నది.

తిరిగి ప్రభుత్వ సేవలో

మార్క్విస్ మరణానంతరం 1869లో మానింగ్ పబ్లిక్ వర్క్స్ కార్యాలయానికి తిరిగి వచ్చి ముఖ్య ఇంజనీరుకు సహాయకుడుగా చేరాడు. 1874లో తానే ముఖ్య ఇంజనీరు అయ్యాడు. 1891లో పదవీ విరమణ చేసే వరకు అదే పదవిలో ఉన్నాడు. 1877లో ఐర్లండు సివిల్ ఇంజనీర్ల సంస్థకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు.

ప్రవాహాన్ని కొలవడంలో ఉన్న చిక్కు

మానింగ్ కృషిని అర్థం చేసుకోవడానికి అసలు సమస్య ఏమిటో కొంత తెలియాలి. ఒక నదిలో సెకనుకు ఎంత నీరు పోతున్నదో తెలుసుకోవాలంటే రెండు విషయాలు కావాలి. ఒకటి నీరు పారే అడ్డుకోత వైశాల్యం. రెండవది నీటి సగటు వేగం. ఈ రెండింటినీ గుణిస్తే ప్రవాహ పరిమాణం వస్తుంది. వైశాల్యాన్ని లోతులు కొలిచి తెలుసుకోవచ్చు. వేగం విషయంలోనే చిక్కు ఉన్నది. నది అంతటా వేగం ఒకేలా ఉండదు. మధ్యలో ఎక్కువగాను, ఒడ్డుల దగ్గర తక్కువగాను ఉంటుంది. ఉపరితలం దగ్గర కంటే అడుగున తక్కువగా ఉంటుంది.

ఈ కారణం చేత నదిని అడ్డంగా అనేక భాగాలు చేసి, ప్రతి భాగంలోను కరెంటు మీటరు అనే పరికరంతో వేగం కొలుస్తారు. సాధారణంగా ఉపరితలం నుండి లోతులో పదింట ఆరవ వంతు దగ్గర ఒకసారి గాని, పదింట రెండవ వంతు, ఎనిమిదవ వంతు దగ్గర రెండు సార్లు గాని కొలిచి సగటు తీసుకొంటారు. జాగ్రత్తగా చేసినప్పటికీ ఇటువంటి కొలతలో సుమారు 5 శాతం తేడా ఉండవచ్చునని భావిస్తారు. పెద్ద వరదలో పడవ దించడమే ప్రమాదం కనుక, అత్యంత అవసరమైన సమయంలోనే ఈ పద్ధతి చాలా చోట్ల సాధ్యపడదు. ఇక త్రవ్వబోయే కాలువలోనయితే కొలవడానికి నీరే ఉండదు. అందువలన వాలు, లోతు, గరుకుదనం వంటి లక్షణాలను బట్టి వేగాన్ని లెక్కకట్టే సూత్రం అవసరమయింది.

మానింగ్‌కు ముందు సూత్రాలు

ఫ్రెంచి ఇంజనీరు ఆంటోనీ షెజీ పారిస్ నగర నీటి సరఫరా కోసం పనిచేస్తూ, 1775 ప్రాంతంలో ఒక ముఖ్యమైన సంబంధాన్ని కనుగొన్నాడు. నీటి వేగం వాలు యొక్క వర్గమూలానికి, "జలీయ వ్యాసార్థం" యొక్క వర్గమూలానికి అనులోమంగా ఉంటుందని ఆయన తేల్చాడు. నీరు పారే అడ్డుకోత వైశాల్యాన్ని, నీటికి తగిలే అడుగు, పక్కల మొత్తం పొడవుతో భాగిస్తే వచ్చేదే జలీయ వ్యాసార్థం. వెడల్పయిన నదిలో ఇది దాదాపు సగటు లోతుకు సమానం. షెజీ సూత్రంలో ఉన్న గుణకం అన్ని కాలువలకూ ఒకటే కాదని తరువాత తెలిసింది. ఆ గుణకం ఎలా మారుతుందో చెప్పడానికి నూరేళ్ళ పాటు అనేకులు ప్రయత్నించారు.

వీరిలో డార్సీ, బాజాన్ అనే ఫ్రెంచి ఇంజనీర్లు ప్రత్యేకంగా నిర్మించిన కాలువలో అడుగు గరుకుదనాన్ని మార్చి మార్చి ప్రయోగాలు చేశారు. ఈ ఫలితాలు 1865లో వెలువడ్డాయి. 1869లో స్విట్జర్లండుకు చెందిన గాంగిలే, కుట్టర్ మరొక సూత్రాన్ని ప్రతిపాదించారు. అందులో కాలువ గరుకుదనాన్ని సూచించే "ఎన్" అనే గుణకం ఉన్నది. కుట్టర్ సూత్రం భారతదేశంలో కూడా విరివిగా వాడుకలోకి వచ్చింది. 1874 - 1879 మధ్య రూర్కీ దగ్గర గంగా కాలువలో అలన్ కన్నింగ్‌హామ్ జరిపిన ప్రయోగాలు ఆ కాలంలో చాలా పెద్దవి.

కుట్టర్ సూత్రం కథలో ఒక పాఠం ఉన్నది. అమెరికాలో హంఫ్రీస్, అబ్బాట్ అనేవారు మిసిసిపీ నదిలో తీసుకొన్న కొలతలతో సరిపోవడం కోసం ఆ సూత్రంలో వాలుకు సంబంధించిన అదనపు పదాలు చేర్చారు. ఆ నదిలో కొలిచిన వాలులే సరియైనవి కావని తరువాత తేలింది. వాలు అతి తక్కువగా ఉండే పెద్ద నదిలో ఇటువంటి పొరపాటు జరగడం సులభం. ఉదాహరణకు కిలోమీటరుకు 10 సెంటీమీటర్లు మాత్రమే పల్లమయ్యే నదిలో 2 సెంటీమీటర్ల తేడా వచ్చినా వాలు విలువలో 20 శాతం, వేగంలో దాదాపు 10 శాతం తేడా వస్తుంది. ఆ తప్పు కొలతలకు తగినట్లు అమర్చిన సూత్రం దశాబ్దాల పాటు ఇంజనీర్ల చేతులలో తిరిగింది.

1889 నాటి పత్రం

మానింగ్ 1889 డిసెంబరు 4న ఐర్లండు సివిల్ ఇంజనీర్ల సంస్థ సమావేశంలో వివృత కాలువలు, గొట్టాలలో నీటి ప్రవాహం గురించి ఒక పత్రం సమర్పించాడు. అప్పటికి ఆయన వయసు 73 ఏళ్ళు. ఈ పత్రం 1891లో ప్రచురితమయింది.

ఆయన అనుసరించిన పద్ధతి చాలా సరళమైనది. అప్పటికి ప్రసిద్ధమైన ఏడు సూత్రాలను ఎంచుకొన్నాడు. అవి డుబువా (1786), ఐటెల్‌వైన్ (1814), వైస్‌బాక్ (1845), సెయింట్ వెనాన్ (1851), నెవిల్ (1860), డార్సీ - బాజాన్ (1865), గాంగిలే - కుట్టర్ (1869) సూత్రాలు. ఒకే వాలు తీసుకొని, జలీయ వ్యాసార్థం 0.25 మీటరు నుండి 30 మీటర్ల వరకు మారుతుంటే ఒక్కొక్క సూత్రం ప్రకారం వేగం ఎంత వస్తుందో లెక్కించాడు. ఏడు సూత్రాలు ఏడు జవాబులు ఇచ్చాయి. వాటిలో ఏది సత్యమో నిర్ణయించే ఆధారం లేదు. అందుచేత ఆయన ప్రతి చోటా ఏడింటి సగటు తీసుకొని, ఆ సగటులకు అతి దగ్గరగా ఉండే ఒక సూత్రాన్ని అన్వేషించాడు. ఈ విధంగా లభించిన సూత్రాన్ని తరువాత 170 పరిశీలనలతో పోల్చి చూశాడు. వీటిలో ఎక్కువ భాగం బాజాన్ ప్రయోగాల నుండి తీసుకొన్నవి.

సూత్రం స్వరూపం

నేడు మానింగ్ సూత్రాన్ని ఈ విధంగా చెబుతారు. జలీయ వ్యాసార్థాన్ని మూడింట రెండవ ఘాతానికి హెచ్చించాలి. దానిని వాలు యొక్క వర్గమూలంతో గుణించాలి. వచ్చిన ఫలితాన్ని "ఎన్" అనే గరుకుదన గుణకంతో భాగిస్తే నీటి సగటు వేగం సెకనుకు మీటర్లలో వస్తుంది. అడుగులలో లెక్కించేటప్పుడు ఈ ఫలితాన్ని 1.49తో గుణించాలి.

ఇదే రూపంలో ఉన్న సూత్రాన్ని ఫ్రెంచి ఇంజనీరు ఫిలిప్ గోక్లేర్ 1867లోనే ప్రతిపాదించాడు. ఈ కారణంగా ఐరోపాలో కొన్ని చోట్ల దీనిని గోక్లేర్ - మానింగ్ సూత్రమని అంటారు. 1923లో స్విట్జర్లండుకు చెందిన ఆల్బర్ట్ స్ట్రిక్లర్ నది అడుగున ఉండే రాళ్ళ పరిమాణానికి, ఈ గుణకానికి సంబంధం చూపడంతో ఆయన పేరు కూడా కొన్ని చోట్ల చేర్చి చెప్పడం జరుగుతున్నది.

తన సూత్రంపై మానింగ్ అసంతృప్తి

మూడింట రెండవ ఘాతం ఉన్న రూపం మానింగ్‌కు తృప్తి కలిగించలేదు. ఇందుకు రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఆ రోజులలో ఘనమూలం లెక్కించడం శ్రమతో కూడిన పని. పని స్థలంలో ఉండే ఇంజనీరుకు అది సౌకర్యంగా ఉండదు. రెండవది శాస్త్ర సంబంధమైనది. ఈ సూత్రంలో రెండు వైపులా కొలమానాలు సరిపోవు. మీటర్ల నుండి అడుగులకు మారితే గుణకం మార్చవలసి రావడమే దీనికి గుర్తు. ప్రకృతి నియమాన్ని తెలిపే సూత్రం మనిషి ఎంచుకొన్న కొలబద్దపై ఆధారపడకూడదని ఆయన భావించాడు.

ఈ లోపాన్ని సరిచేయడానికి వాతావరణ పీడనాన్ని సూచించే పాదరస స్తంభం ఎత్తును, గురుత్వ త్వరణాన్ని చేర్చి మరొక సూత్రాన్ని తయారుచేశాడు. తాను సిఫారసు చేసినది ఈ రెండవ సూత్రాన్నే. 1895లో తన పత్రానికి ఒక అనుబంధం కూడా వ్రాశాడు. అయితే ఇంజనీర్లు ఆయన మెచ్చిన సూత్రాన్ని వదిలి, ఆయన పక్కన పెట్టిన సూత్రాన్నే స్వీకరించారు.

పేరు స్థిరపడిన విధం

1891లో ఫ్రెంచి రచయిత ఫ్లామాన్ తన ద్రవగతిశాస్త్ర గ్రంథంలో ఈ సూత్రాన్ని మానింగ్ పేరుతో పేర్కొన్నాడు. తన సూత్రంలోని గుణకపు విలోమం కుట్టర్ సూత్రంలోని "ఎన్"కు చాలా దగ్గరగా ఉన్నదన్న విషయాన్ని మానింగ్ ఆయనకు వ్రాసిన లేఖలో తెలియజేశాడు. ఈ పోలిక వల్ల ఒక గొప్ప సౌలభ్యం ఏర్పడింది. కుట్టర్ సూత్రం కోసం అనేక దేశాలలో అప్పటికే సేకరించిన "ఎన్" విలువలను ఈ సరళమైన సూత్రంలో అలాగే వాడుకోవచ్చు. 1918లో అమెరికాలో వెలువడిన కింగ్ చేతి పుస్తకం ద్వారా ఈ సూత్రం విస్తృతంగా వ్యాపించింది. 1936లో వాషింగ్టన్ నగరంలో జరిగిన మూడవ ప్రపంచ విద్యుచ్ఛక్తి సమావేశం దీనిని అంతర్జాతీయంగా వాడదగినదిగా సిఫారసు చేసింది.

"ఎన్" విలువలో అనిశ్చితి

సూత్రం సరళమైనంత మాత్రాన జవాబు ఖచ్చితమైనదని అనుకోరాదు. కష్టమంతా "ఎన్" అనే ఒక్క అక్షరంలోకి చేరింది. నునుపైన కాంక్రీటు కాలువకు దీని విలువ సుమారు 0.013. శుభ్రంగా ఉన్న మట్టి కాలువకు 0.022 నుండి 0.025 వరకు ఉంటుంది. సహజమైన వాగులకు 0.030, అంతకు పైన ఉంటుంది. గుర్రపుడెక్క, తుంగ, నాచు పెరిగితే ఇది రెండింతలు, మూడింతలు కావచ్చు. దట్టమైన చెట్లున్న లంకల మీదుగా వరద పారేటప్పుడు 0.1 దాటవచ్చు.

ఈ విలువను ఏ పరికరంతోను నేరుగా కొలవలేము. కాలువను చూసి, అనుభవంతో నిర్ణయించవలసినదే. ఈ కారణంగానే వెన్ తె చౌ 1959లో ప్రచురించిన ప్రసిద్ధ పాఠ్యగ్రంథంలో దీర్ఘమైన పట్టికలను, కాలువల ఛాయాచిత్రాలను ఇచ్చాడు. 1967లో అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ 50 వాగులు, నదుల ఛాయాచిత్రాలతో ఒక పుస్తకం వెలువరించింది. ప్రవాహాన్ని కొలిచి, దాని నుండి వెనుకకు లెక్కించి సాధించిన "ఎన్" విలువలు 0.024 నుండి 0.075 వరకు అందులో ఉన్నాయి. ఇంజనీరు తన ముందున్న నదిని ఆ చిత్రాలతో పోల్చుకొని విలువ ఎంచుకొంటాడు.

వరద తగ్గిన తరువాత ఒడ్డున మిగిలిన మరకలను బట్టి ఈ సూత్రంతో వరద పరిమాణం లెక్కించే పద్ధతి కూడా ఉన్నది. పరిస్థితులు అనుకూలంగా ఉంటే 10 శాతం తేడాతో జవాబు రావచ్చు. లేనపుడు తేడా 25 శాతానికి మించవచ్చు. ఇసుక అడుగున్న నదులలో మరొక చిక్కు ఉన్నది. ప్రవాహం మారినకొద్దీ అడుగున ఇసుక తిన్నెలు ఏర్పడుతూ, చెరిగిపోతూ ఉంటాయి. అందువల్ల గరుకుదనమే మారిపోతుంది. వరద పెరిగేటప్పుడు నీటి ఉపరితలం వాలు ఎక్కువగాను, తగ్గేటప్పుడు తక్కువగాను ఉంటుంది. కాబట్టి నీటిమట్టం ఒకటే అయినా పెరిగే వరదలో ప్రవాహం ఎక్కువగా ఉంటుంది.

ఒక ఉదాహరణ

10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల నీటి లోతు, నిలువు గోడలు, 5,000 మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న కాలువను తీసుకొందాము. వైశాల్యం 20 చదరపు మీటర్లు. నీటికి తగిలే చుట్టు పొడవు 14 మీటర్లు. జలీయ వ్యాసార్థం సుమారు 1.43 మీటర్లు. "ఎన్" 0.025 అనుకొంటే వేగం సెకనుకు 0.72 మీటరు, ప్రవాహం సుమారు 507 క్యూసెక్కులు. "ఎన్" 0.030 అనుకొంటే ప్రవాహం సుమారు 422 క్యూసెక్కులు. కొంచెం గడ్డి పెరిగినా ఇంత మార్పు వస్తుంది.

తేడా 85 క్యూసెక్కులు. వరికి ఒక క్యూసెక్కు 50 ఎకరాలకు సరిపోతుందని లెక్క వేసుకొంటే ఇది 4,250 ఎకరాల తడి. కాలువ చివరి భూములకు నీరు అందక పోవడానికి ఇటువంటి తేడాలు కూడా ఒక కారణం. గరుకుదనం పెరిగిన కాలువలోనే మొదటి 507 క్యూసెక్కులు పంపాలంటే నీటిమట్టం దాదాపు 26 సెంటీమీటర్లు పెరగాలి. గట్టు ఎత్తు అందుకు చాలకపోతే గండి పడుతుంది.

తెలుగునాట

మానింగ్ ఐర్లండులో జిల్లా ఇంజనీరుగా ఉన్న కాలంలోనే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించాడు (1847 - 1852). అప్పటికి మానింగ్ సూత్రం లేదు. తరువాతి తరాల ఇంజనీర్లు కాలువల లెక్కలలో మొదట కుట్టర్ సూత్రాన్ని, పిమ్మట మానింగ్ సూత్రాన్ని వాడారు. సివిల్ ఇంజనీరింగు, వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు ఇది పాఠ్యాంశం.

ప్రవాహపు అంచనాలు రాష్ట్రాల మధ్య నీటి పంపకాలకు కూడా ఆధారమవుతాయి. కృష్ణా నదిపై బచావత్ ట్రిబ్యునల్ 78 సంవత్సరాల ప్రవాహపు లెక్కలను పరిశీలించి, 75 శాతం విశ్వసనీయతతో లభించే నీటిని 2,060 టి.ఎం.సి.లుగా నిర్ణయించింది. 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ వేరొక 47 సంవత్సరాల లెక్కలను తీసుకొన్నపుడు అదే విశ్వసనీయతకు 2,173 టి.ఎం.సి.లు వచ్చాయి. ఈ అంకెలు మానింగ్ సూత్రం నుండి వచ్చినవి కావు. అయినా నది నీటిని లెక్కించడంలో ఆయన ఎదుర్కొన్న సందేహమే ఇక్కడ కూడా ఉన్నది. ఒకే నదికి రెండు లెక్కల మధ్య ఉన్న 113 టి.ఎం.సి.ల తేడాలో ఎన్నో ఎకరాల సాగు ఇమిడి ఉన్నది.

మరణం, గుర్తింపు

పదవీ విరమణ చేసిన ఆరేళ్ళకు, 1897లో మానింగ్ మరణించాడు. ఆయన సూత్రం ఐర్లండు వెలుపల పేరు పొందడం అప్పటికి ఇంకా మొదటి దశలోనే ఉన్నది. నేడు కంప్యూటర్లపై వరదలను లెక్కించే ప్రోగ్రాములలో చాలా వాటిలో ఆయన పేరున్న గుణకమే ఉన్నది. ఉపగ్రహాలు, ధ్వని తరంగాలతో వేగం కొలిచే పరికరాలు వచ్చిన తరువాత కూడా గరుకుదనపు విలువను ఎవరో ఒకరు అనుభవంతో ఎంచుకోవలసి వస్తున్నది.

ఏడు సూత్రాలు ఏడు విధాలుగా చెప్పినపుడు వాటి మధ్య తేడాను బయటపెట్టి, సగటు తీసి, కొలతలతో సరిచూచి, తన ఫలితంలోని లోపాన్ని తానే పత్రంలో వ్రాసిన ఇంజనీరుగా మానింగ్‌ను గుర్తుంచుకోవడం సముచితం. ఆయన సూత్రాన్ని వాడే ప్రతివారు జవాబుతో పాటు అందులో ఎంత తేడా ఉండవచ్చునో కూడా చెప్పడం ఆ పద్ధతికి అనుగుణంగా ఉంటుంది.